విన్సెన్స్‌లో ఫాదర్ జిబో స్మారకం: దేశభక్తి భావన - విమర్శనాత్మక పరిశీలన

1. ఉపోద్ఘాతం

స్మారకశిల్పం కూడా ఒక జీవితచరిత్రే. రచయిత వలెనే శిల్పి సైతం ఒక జీవితంలోని కొన్ని ఘట్టాలను గ్రహించి, మరికొన్నింటిని విడిచిపెడతాడు. అమెరికాలోని ఇండియానా రాష్ట్రం, విన్సెన్స్ పట్టణంలో సెయింట్ ఫ్రాన్సిస్ జేవియర్ చర్చి ముందున్న ఫాదర్ పియర్ జిబో (1737-1802) కాంస్యవిగ్రహం ఇందుకు చక్కని ఉదాహరణ. అమెరికా విప్లవకాలపు ఈ కాథలిక్ మతగురువును లోకం ‘దేశభక్త గురువు’గా స్మరిస్తోంది. ఆ బిరుదు ఎవరి అవసరం నుంచి పుట్టిందో వివేచించడం ఈ వ్యాసోద్దేశం.

2. చారిత్రక నేపథ్యం

1778 జూలై 4 రాత్రి జార్జ్ రోజర్స్ క్లార్క్ వర్జీనియా సేనతో కస్కాస్కియాను వశం చేసుకున్నాడు. అక్కడి ఫ్రెంచి కాథలిక్కులకు మతస్వేచ్ఛ ఉంటుందని హామీ ఇచ్చాడు. అనంతరం జిబో, వైద్యుడు లాఫోఁ కలిసి విన్సెన్స్ వెళ్లారు. జూలై 20న అక్కడి ప్రజలు అమెరికన్ పక్షానికి విధేయతా ప్రమాణం చేశారు. రక్తపాతం లేకుండానే పట్టణం చేతులు మారింది. డిసెంబరులో బ్రిటిష్ అధికారి హామిల్టన్ దానిని తిరిగి ఆక్రమించాడు. 1779 ఫిబ్రవరి 25న క్లార్క్‌కు లొంగిపోయాడు.

3. ఒక జీవితం - భిన్న వాఙ్మూలాలు

విన్సెన్స్ పర్యటనలో జిబో పాత్ర ఏమిటి? 1778 ఆగస్టులో లాఫోఁ క్లార్క్‌కు రాసిన లేఖ ప్రకారం, లౌకికవ్యవహారమంతా లాఫోఁదే. జిబో శాంతి, ఐక్యతలను మాత్రమే బోధించాడు. ఈ విషయాన్ని స్పష్టం చేయాలన్నది జిబో కోరికేనని కూడా ఆ లేఖ చెబుతోంది. 1788లో క్యూబెక్ బిషప్‌కు రాసిన లేఖలో, అమెరికన్ల కోసం పనిచేశాననే అపవాదును తొలగించుకోవడానికి జిబో ప్రయత్నించాడు. 1790లో గవర్నర్ సెయింట్ క్లెయిర్‌కు సమర్పించిన విన్నపంలో మాత్రం స్వరం మారింది. అమెరికన్ సేనకు 7,800 లీవ్రుల మేర సాయపడి నష్టపోయానని చెప్పి, కాహోకియాలోని కొద్దిపాటి చర్చి భూమిని ప్రతిఫలంగా కోరాడు. బిషప్ కారొల్ అభ్యంతరం చెప్పాడు. చివరకు జిబో స్పెయిన్ పాలనలోని న్యూ మాడ్రిడ్ చేరి, అక్కడే మరణించాడు.

ఈ పత్రాలను ఒకదానికొకటి పోటీగా నిలిపి ఒకదాన్ని అబద్ధమనడం తొందరపాటు. బిషప్‌కు రాసిన లేఖ సంజాయిషీ. గవర్నర్‌కు రాసినది అర్జీ. సంబోధితుడిని బట్టి వాఙ్మూలం మారుతుంది. పైగా ఫ్రెంచి రాజ్యంలో పుట్టి, 1763 తర్వాత బ్రిటిష్ పాలనలో బతికి, అమెరికన్ పాలనను చూసి, స్పానిష్ నేలలో కన్నుమూసిన వ్యక్తికి ‘దేశం’ ఏది? ఆయన జీవితంలో స్థిరంగా ఉన్నవి ఊళ్లు, విశ్వాసులు, సంస్కారాలు, మారినవి జెండాలు.

4. స్మారకం మాట్లాడిన కాలం

క్లార్క్ స్మారకమందిరాన్ని 1936 జూన్ 14న అధ్యక్షుడు రూజ్‌వెల్ట్ అంకితం చేశాడు. క్లార్క్ విగ్రహం 16 స్తంభాల ఆ వృత్తాకార మందిరంలో ఉంది. వర్తకుడు ఫ్రాన్సిస్ విగో విగ్రహం వాబాష్ నదీతీరంలో ఉంది. చెక్ ప్రాంతం నుంచి వలస వచ్చిన ఆల్బిన్ పొలాషెక్ మలచిన జిబో చర్చి ముందు నిలిచాడు. విజేతకు మందిరం, సహాయకులకు ఆరుబయలు దక్కాయన్న అంతరం గమనార్హం.

కాలసందర్భం మరింత కీలకం. 1920లలో ఇండియానాలో కూ క్లక్స్ క్లాన్ బలంగా ఉండి, కాథలిక్కులను పరాయివారిగా చిత్రించింది. 1928 అధ్యక్ష ఎన్నికల్లో కాథలిక్ అభ్యర్థి ఆల్ స్మిత్ తన మతం కారణంగా తీవ్ర వ్యతిరేకతను ఎదుర్కొన్నాడు. ఆ వాతావరణం తర్వాత వెలసిన ఈ విగ్రహాన్ని ‘మేమూ ఈ దేశనిర్మాతలమే’ అనే ప్రత్యుత్తరంగా చదవవచ్చు. ఆ ప్రత్యుత్తరం న్యాయమైనదే. అయితే దానికి మూల్యం ఉంది. పౌరసత్వ గౌరవానికి పూర్వికుల సేవను రుజువుగా చూపవలసి రావడమే అసమానత. ఆ రుజువు కోసం జిబో సందిగ్ధతను చెరిపివేయవలసి వచ్చింది.

5. ముగింపు

జిబో దేశభక్తుడు కాడని నిరూపించడం ఈ పరిశీలన లక్ష్యం కాదు. ఒక పట్టణం నెత్తురు చిందకుండా చేతులు మారడంలో ఆయన పాలుపంచుకున్నాడు. ఆ ఒక్క పనే స్మరణకు అర్హం. మైనారిటీ వర్గాల మహనీయుల జీవితచరిత్రలను పరిశీలించే పరిశోధకులు ‘దేశభక్తి’ అనే విశేషణం వద్ద ఆగి, దానిని ఎవరు, ఎప్పుడు, ఎవరికి సమాధానంగా వాడారో అడగాలి. విగ్రహం ఒకే భంగిమలో నిలుస్తుంది. మనిషిని తిరిగి కదిలించవలసింది విమర్శ.