ఎవరి తాలూకు?

పాత ఆల్బమ్ ఏదైనా దొరికితే చాలామంది ముందు చేసే పని ఫొటోలు ఊడదీసి విడివిడిగా పెట్టుకోవడం. దయచేసి ఆ పని చేయకండి. ఏ ఫొటో తర్వాత ఏది అంటించారో ఆ వరసలోనే సగం చిరునామా ఉంటుంది.

రాయ్‌పుర్ నుంచి బిలాస్‌పుర్ వెళ్లే దారిలో ఉంటుంది ధర్సీవా. దగ్గర్లోనే సిల్తరా ఉక్కు ఫ్యాక్టరీలు, తుక్కు ఇనుము కొనే కబాడీ దుకాణాలు. ట్రంకుపెట్టెలు ఇనుము లెక్కన తూకానికి పోతాయి, లోపలి కాగితాలు ఎవరికీ పట్టవు. అలా పక్కన పడేసిన ఒక ఆల్బమ్ నా చేతికొచ్చింది. నల్లటి దళసరి పేజీలు, వాటి మధ్య సాలెగూడు అచ్చున్న పల్చటి కాగితం. మొదటి ఫొటోలో కుర్చీలో రైల్వే యూనిఫారంలో ఒకాయన, కుర్చీ వీపు పట్టుకుని నిలబడ్డ భార్య. మూలలకున్న కాగితపు తొడుగుల్లోంచి మెల్లగా జార్చి వెనక్కి తిప్పితే విజయనగరం స్టూడియో ముద్ర, కింద సిరాతో తెలుగులో ఇంటిపేరు.

రాయ్‌పుర్–విజయనగరం రైలుమార్గం 1931లో పూర్తయింది. రైల్వే కొలువుల మీద ఉత్తరాంధ్ర నుంచి ఎన్నో కుటుంబాలు ఇటొచ్చి స్థిరపడ్డాయి. స్టూడియో ముద్ర ఒక్కటే చూసుంటే నేనూ విజయనగరంలోనే వెతికేవాణ్ని. కానీ తర్వాతి పేజీల్లో రాయగడ స్టేషన్ బోర్డు, ఆ తర్వాత రాయ్‌పుర్ బోర్డు కనిపించాయి. అవి ఆయన బదిలీలు. అంటే పిల్లలు ఇక్కడే పెరిగుండాలి.

ఫొటోలన్నీ వాట్సాప్ గ్రూపుల్లో పెట్టెయ్యమన్నారు కొందరు. నాకు మనసొప్పలేదు. అందులో ఒంటి మీద నూలుపోగు లేని పసివాళ్లున్నారు, ఆఖరిచూపుకని కూర్చోబెట్టి తీసిన శవం ఉంది. ఆ ఇంటివాళ్ల అనుమతి లేకుండా ఊరందరికీ చూపించేవి కావవి. పైగా అన్నీ బయటపెడితే, రేపు ‘మాదే’ అని వచ్చినవాళ్లను ఏమడిగి పోల్చుకుంటాం? దంపతుల ఫొటో ఒక్కటే పట్టుకుని తిరిగాను.

2011 సునామీ తర్వాత జపాన్‌లోని యమమోతో పట్టణంలో బురదలో దొరికిన 7 లక్షలకు పైగా ఫొటోలను స్వచ్ఛంద కార్యకర్తలు కడిగి, ఆరబెట్టి, సొంతదారులు వెతుక్కునేలా భద్రపరిచారు. మనకు అంత ఏర్పాటు లేదు గానీ ఇంటిపేరుంది. రైల్వే కాలనీలో తెలుగు పెద్దల దగ్గర అది చెప్పగానే “ఎవరి తాలూకు బాబూ?” అని మొదలుపెట్టి వియ్యాలవారి దాకా వెళ్లారు. చివరికి ఒక మామ్మగారి ఇల్లు చూపించారు.

ఆవిడ ఫొటో కళ్ల దగ్గరికి తెచ్చుకుని, “మా అత్త బాబూ! కుర్చీ స్టూడియోవాడిది, మాకెక్కడిది?” అంది. తర్వాత ఏ ఫొటో ఉండాలని అడిగాను. నూతి దగ్గర పిల్లణ్నెత్తుకున్న ఆడపడుచు ఉండాలంది. ఉంది.

విజయనగరంలో ఆవిడ మరిది మనవలు కూడా ఆల్బమ్ కావాలన్నారు. పేర్లు చెప్పగలిగినవాళ్ల దగ్గరే అసలుది ఉండాలని నా అభిప్రాయం. పేజీ పేజీ స్కాన్ చేసి నకళ్లు వాళ్లకు పంపాం. బాల్‌పెన్ను ఒత్తిడి ఫొటో ముందువైపు గీతలై తేలుతుంది కాబట్టి పేర్లు విడి కాగితం మీద పెన్సిల్‌తో రాయించాను. మామ్మగారు చెబుతుంటే మనవరాలు నాగరి లిపిలో రాసింది. ఆ పిల్లకు తెలుగు మాట్లాడటం వచ్చు, రాయడం రాదు. ప్రతి పేరు కిందా నేను తెలుగులో రాశాను. కొందరిని ఆవిడ కూడా పోల్చుకోలేకపోయింది. నూతి దగ్గర నిలబడ్డ ఆ ఆడపడుచు ఇంకా విజయనగరంలోనే ఉందట, ఆ ఫొటోలు ఆవిడకు చూపించమని మరిది మనవలకు చెప్పాం.