సున్నా క్రెడిట్ల పాఠం

ఇంజనీరింగ్ చదివే పిల్లలకి సాహిత్యం ఎందుకు, కామర్స్ చదివేవాళ్ళకి చరిత్ర ఎందుకు అనే ప్రశ్న మన కాలేజీల స్టాఫ్‌రూముల్లో ఏటా వినపడుతూనే ఉంటుంది. ప్రధాన సబ్జెక్టుకు బయట ఉన్న కోర్సుల్ని విశ్వవిద్యాలయాలు తప్పనిసరి చెయ్యాలా వద్దా అన్నది పాత చర్చే. 1948-49లో పనిచేసిన రాధాకృష్ణన్ కమిషన్, ఏ శాఖ విద్యార్థికైనా సాధారణ విద్య అవసరమేనని గట్టిగా చెప్పింది. అదే నివేదికలో స్త్రీల విద్య గురించిన అధ్యాయం తెరిస్తే వేరే స్వరం వినిపిస్తుంది. ఆడవాళ్ళకి ప్రత్యేకంగా తగినవని గృహవిజ్ఞానం, నర్సింగ్, బోధన, లలితకళలు అక్కడ వరసగా కనపడతాయి. మగపిల్లవాడికి సాధారణ విద్య అంటే ప్రపంచం, ఆడపిల్లకి మాత్రం మళ్ళీ ఇల్లే! అందుకే బయటి కోర్సులు ఉండాలా అన్న ప్రశ్నకంటే ముందు, ఆ బయట ఏముండాలో ఎవరు నిర్ణయిస్తున్నారు అన్న ప్రశ్న నన్ను వేధిస్తుంది.

ఈ చర్చలో మరో ఊహ కూడా దాగి ఉంది. విద్యార్థి తన ప్రధాన సబ్జెక్టుని తానే ఎంచుకుందనీ, బయటి కోర్సుని మాత్రం విశ్వవిద్యాలయం ఆమె నెత్తిన రుద్దుతోందనీ అనుకుంటారు. సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడ కాలేజీల్లో ఏళ్ళ తరబడి తెలుగు చెప్పినదాన్ని కాబట్టి, ఈ ఊహ ఎంత డొల్లో నాకు తెలుసు. ఆడపిల్ల ఏ గ్రూపు తీసుకోవాలో ఫీజు రీయింబర్స్‌మెంట్ నిర్ణయిస్తుంది. సాయంత్రం ఊరికి పోయే ఆఖరి బస్సు నిర్ణయిస్తుంది. అన్నకి హైదరాబాద్ హాస్టల్, చెల్లెలికి దగ్గర్లో ఏ కాలేజీ ఉంటే అది. ఒకమ్మాయిని బీకాం కంప్యూటర్స్ ఎందుకు తీసుకున్నావని అడిగితే "మా బాపు ఫారం నింపిండు మేడం" అంది. తనది కాని సబ్జెక్టుని మూడేళ్ళు మోస్తున్న అమ్మాయికి, కనీసం ఒక్క కోర్సులో తన బతుకు తనకి కనపడితే అది భారం అవుతుందా?

మన దగ్గర ఈ ప్రశ్నకి గట్టి ఉదాహరణ ఒకటి ఉంది. 2015లో తెలుగు అకాడమీ ప్రచురించిన 'టువర్డ్స్ ఎ వరల్డ్ ఆఫ్ ఈక్వల్స్' అనే ద్విభాషా జెండర్ పాఠ్యపుస్తకం. అన్వేషి మిత్రుల కృషి అది. ఎ. సునీత, ఉమా భృగుబండ, దుగ్గిరాల వసంత, రమా మెల్కోటే, వసుధా నాగరాజ్, అస్మా రషీద్, గోగు శ్యామల, దీపా శ్రీనివాస్, సూసీ తారు కలిసి తెచ్చారు. జేఎన్‌టీయూ హైదరాబాద్ దాని ఆధారంగా జెండర్ కోర్సుని ఇంజనీరింగ్ విద్యార్థులకి తప్పనిసరి చేసింది. అంటే మన కోదాడ, సూర్యాపేట, మిర్యాలగూడ ప్రాంతపు ఇంజనీరింగ్ పిల్లలకి కూడా. ఇంటిచాకిరీ, ఆడపిండాల హత్యలు, లైంగిక వేధింపులు, గృహహింస, సమానంగా కలిసి బతకడం – ఇవన్నీ సర్క్యూట్లకీ, డేటా స్ట్రక్చర్లకీ పక్కన వచ్చి కూర్చున్నాయి. జయప్రభ 'చూపులు' కవితకి ఇంజనీరింగ్ సిలబస్‌లో చోటు దొరుకుతుందని ఎనభైల్లో ఎవరైనా అంటే మనం నవ్వి ఉండేవాళ్ళం.

ఈ పుస్తకం చేసిన మంచి పని, నీతి బోధించకపోవడం. ఆడవాళ్ళని గౌరవించండి అని చెప్పే పాఠాలు మనకి కొదవా? అవి విని ఎవరు మారారు? ఇది ప్రశ్నలు వేస్తుంది, పనులు చెయ్యమంటుంది, ఇంగ్లీషు పక్కనే తెలుగు పెడుతుంది. తెలుగు మీడియం నుంచి వచ్చి మొదటి ఏడాదంతా నోరు విప్పని అమ్మాయి, ఈ ఒక్క గంటలో తన భాషలో మాట్లాడగలుగుతుంది. ఇంటిచాకిరీ పాఠం చెప్పిన రోజున ఒకమ్మాయి లేచి "మా అమ్మ ఏం పని చెయ్యదు మేడం, ఇంటికాడనే ఉంటది. నాట్లప్పుడు మాత్రం కూలికి పోతది" అంది. తరగతిలో ఎవరూ నవ్వలేదు. అందరూ తమ తమ ఇళ్ళల్లోకి చూసుకున్నట్టుగా అనిపించింది. తర్వాత బోర్డు మీద ఒక రోజు లెక్క వేశాం. నీళ్ళు, పొయ్యి, బర్రెలు, నాటు, మళ్ళీ పొయ్యి. నాగార్జునసాగర్ ఎడమకాలవ కింద పండిన వరి మిర్యాలగూడ మిల్లులకి చేరేదాకా ఎంతమంది ఆడవాళ్ళ నడుములు వంగాయో ఆ పిల్లలకి ఎవరూ చెప్పనక్కర్లేదు. దాన్ని పని అని పిలవడం మాత్రం నేర్పాలి. ఆ నేర్పు ఏ ప్రధాన సబ్జెక్టులో దొరుకుతుంది?

ఇంత మంచి కోర్సుకి విశ్వవిద్యాలయం కట్టిన విలువ ఎంత? 2018 నిబంధనల ప్రకారం బీటెక్ మొత్తానికి 160 క్రెడిట్లు. జెండర్ సెన్సిటైజేషన్ 'ల్యాబ్'కి సున్నా! పాస్ కావాలి గానీ లెక్కలోకి రాదు. అమ్మ చాకిరీ ఇంటి లెక్కలోకి రానట్టే. ఇంటిచాకిరీకి విలువ కట్టాలని చెప్పే పాఠానికే విలువ కట్టకపోవడం కంటే వింత ఉంటుందా? సిలబస్‌లో మూల్యాంకనం బాగానే ఆలోచించారు. చర్చలో పాల్గొన్నందుకు 20 శాతం, ప్రాజెక్టుకో అసైన్‌మెంటుకో 30, పరీక్షకి 50. చర్చకి మార్కులివ్వడం మన చదువుల్లో చిన్న విషయం కాదు. కానీ సున్నా క్రెడిట్లలో 20 శాతం ఎంతో పిల్లలకి బాగా తెలుసు. నేను గెస్టుగా చెప్పిన ఒక కాలేజీలో, మిడ్ పరీక్షలు దగ్గరపడగానే ఈ గంటని ప్రోగ్రామింగ్‌కి ఇచ్చేశారు. హాజరు మాత్రం జెండర్ రిజిస్టరులోనే పడింది.

ఎవరు చెప్పాలన్నదీ అంతే. ఇంగ్లీషు సాహిత్యం, సోషియాలజీ, పొలిటికల్ సైన్సు వాళ్ళు చెప్పవచ్చనీ, లేదా ఇంజనీరింగ్ విభాగాల్లోనే అనుభవమున్న అధ్యాపకులు చెప్పవచ్చనీ సిలబస్ అంటుంది. ద్విభాషా పుస్తకమైనా ఆ వరసలో తెలుగు పేరు లేదు. చిన్న పట్టణాల ఇంజనీరింగ్ కాలేజీల్లో సోషియాలజీ అధ్యాపకులెక్కడ? చివరికి ఇది చేరేది పని తక్కువున్న మనిషి దగ్గరికి, లేదా కొత్తగా చేరిన ఆడ లెక్చరర్ దగ్గరికి. ఆమె ఇష్టం ఎవరూ అడగరు. ఆడవాళ్ళ పాఠం కాబట్టి ఆడమనిషి చెప్తుంది, అంతే.

ఇలాంటప్పుడు తప్పనిసరి ఎందుకు, ఇష్టమున్నవాళ్ళే తీసుకుంటారు కదా అనేవాళ్ళున్నారు. బలవంతంగా చెప్పేది చదువు కాదు అన్న వాదనలో నిజం లేకపోలేదు. డిగ్రీలో పర్యావరణం ఎలా తయారైందో చూశాం. సుప్రీంకోర్టు ఆదేశాలతో అందరికీ తప్పనిసరి అయి, చివరికి గైడు కొని ఒక రాత్రిలో ముగించే కాగితంగా మిగిలింది. బ్యాక్‌లాగులు మోస్తున్న పిల్లలకి మరో పరీక్ష పెట్టడం తేలిక విషయమూ కాదు.

అయినా నేను తప్పనిసరి వైపే ఉంటాను. మన ఊళ్ళల్లో ఒక ఆడపిల్ల జెండర్ కోర్సుని తనంతట తాను ఎంచుకోవడమంటే ఒక ప్రకటన చెయ్యడమే. ఇంట్లో నీకెందుకు ఇవన్నీ అంటారు. తరగతిలో వెనక బెంచీల నుంచి పేర్లు పెడతారు. తప్పనిసరి అయితే ఆ భారం ఆమె మీద ఉండదు. యూనివర్సిటీ పెట్టింది, చదవక తప్పదు అని చెప్పి నిశ్చింతగా చదువుకోవచ్చు. ఇక ఈ పాఠం ఎవరికి ఎక్కువ అవసరమో ఆ మగపిల్లలు దాన్ని ఎప్పటికీ ఎంచుకోరు. ఐచ్ఛికం చేస్తే నలుగురు ఆడపిల్లలు, వాళ్ళకి తోడుగా నేను మిగులుతాం. మనలో మనం మాట్లాడుకోవడానికి విశ్వవిద్యాలయం దేనికి?

2018 సెప్టెంబర్ 14న మిర్యాలగూడలో ఒక ఆస్పత్రి బయట, గర్భవతి అయిన భార్య పక్కనుండగానే ఒక దళిత యువకుణ్ణి నరికి చంపారు. అమ్మాయి తండ్రే సుపారీ ఇచ్చి చేయించాడని పోలీసులు కేసు పెట్టారు. విచారణ ముగియకముందే 2020లో ఆయన చనిపోయాడు. 2025 మార్చిలో నల్లగొండ కోర్టు ఒకరికి మరణశిక్ష, ఆరుగురికి యావజ్జీవం విధించింది. ఒక కోర్సు ఆ హత్యని ఆపేదని నేననను. కిరాయి హంతకులు ఏ సెమిస్టరూ చదవరు. కానీ ఆ రోజుల్లో మా పిల్లలు ఫోన్లలో చూసి, బస్సుల్లో గుసగుసలాడి, తరగతిలోకి రాగానే మౌనమయ్యారు. కన్నతండ్రి కడుపుమండి చేశాడని సానుభూతి చూపినవాళ్ళూ వాళ్ళలో ఉన్నారు. ఆ మాటని బయటికి చెప్పించి, దానికి ఎదురు వాదించే చోటు ఒకటి కావాలి. సమాన సంబంధాల పాఠాన్ని మిర్యాలగూడలో కులం ఊసెత్తకుండా చెప్పడం కుదరదు. ప్రేమలో ఇద్దరూ సమానమేనా అని అడగాలంటే ఆ ఇద్దరి వాడలూ సమానమేనా అని ముందు అడగాలి.

పుస్తకంలో మనం వాడుకోవలసింది ఇంకా ఉంది. ఆధునిక తెలంగాణ చరిత్రలో కనపడకుండా పోయిన పుటల గురించి అందులో ఒక పాఠముంది. రమా మెల్కోటే, సూసీ తారు 1986లో స్త్రీశక్తి సంఘటన తెచ్చిన 'మనకు తెలియని మన చరిత్ర'లోనూ ఉన్నారు. సాయుధ పోరాటంలో ఆడవాళ్ళని వాళ్ళ నోటనే మాట్లాడించిన ఆ పుస్తకం నుంచి ఇంజనీరింగ్ తరగతి దాకా దాదాపు ముప్పై ఏళ్ళ దారి. తుంగతుర్తి ప్రాంతంలో పుట్టి దళాల్లో పనిచేసి, రెండుసార్లు శాసనసభకి వెళ్ళిన మల్లు స్వరాజ్యం 2022 మార్చిలో చనిపోయేనాటికి, సూర్యాపేటలో చదువుతున్న ఎంతమంది అమ్మాయిలకి ఆమె ఎవరో తెలుసు? కోర్సులో ప్రాజెక్టుకి 30 శాతం ఉంది కదా. దానికోసం నెట్‌లో దొరికినది అంటించే బదులు, ప్రతి విద్యార్థీ తన ఊళ్ళో ఒక ముసలమ్మని కూర్చోబెట్టి ఆమె కథ రాసుకురమ్మంటే చాలు. మూడు పట్టణాల పిల్లలు రాసింది ఒకచోట చేరిస్తే రెండో 'మన చరిత్ర' తయారవుతుంది.

2020 జాతీయ విద్యావిధానం బహుళ విషయాల చదువు గురించి చాలా చెప్పింది. మాటలు బాగున్నాయి. జెండర్ కోర్సుకి కనీసం రెండు క్రెడిట్లు, చెప్పడానికి శిక్షణ పొందిన శాశ్వత అధ్యాపకురాలు, ఆ వరసలో తెలుగువాళ్ళకీ చోటు, ఆఖరి బస్సు పోకముందు ఒక గంట – ఇవి ఇస్తే ఆ మాటల్ని నమ్ముతాను. తప్పనిసరి చేసి విలువ ఇవ్వకపోవడం మన ఇళ్ళల్లో ఆడవాళ్ళ పనికి మనం ఎప్పటినుంచో చేస్తున్నదే. విశ్వవిద్యాలయం దాన్ని చూసి నేర్చుకోనక్కర్లేదు. విద్యారంగంలో ఉన్న మనం, పాఠ్యప్రణాళికా సంఘాల్లో కూర్చునే మనం, ఈసారి సమావేశంలో ముందుగా ఆ సున్నా గురించే మాట్లాడాలి.