పెట్రోస్ క్లాంపానిస్ సంగీతం: మేళవింపును అంచనా వేయడం ఎలా?

లక్ష్యం

రెండు సంప్రదాయాలు కలిసిన సంగీతాన్ని విన్నప్పుడు, ఆ కలయిక పైపూతగా ఉందా, నిర్మాణంలోనే ఉందా అన్నది ఈ భాగం చదివాక మీరు వివేచించగలుగుతారు.

1. పరిచయం

పెట్రోస్ క్లాంపానిస్ గ్రీసు దేశపు జాజ్ కళాకారుడు, స్వరకర్త. జాకింథోస్ దీవిలో పెరిగారు. ఆమ్‌స్టర్‌డామ్, న్యూయార్క్ నగరాల్లో సంగీతం చదివారు. ఆయన వాద్యం డబుల్ బాస్. మనిషికన్నా ఎత్తుగా ఉండే ఈ నాలుగు తీగల వాద్యాన్ని జాజ్‌లో ఎక్కువగా వేళ్లతో మీటుతారు. 'మైనర్ డిస్ప్యూట్' (2015), 'ఇర్రేషనాలిటీస్' (2019), 'తోరా కలెక్టివ్' (2023) ఆయన ఆల్బమ్‌లలో కొన్ని. గ్రీకు జానపద సంగీతాన్ని సమకాలీన జాజ్‌తో కలిపినవారని ఆయనకు పేరు. విమర్శకుడి పని ఈ మాట దగ్గరే మొదలవుతుంది.

2. 'మూలాలు' అనే మాట

ఇలాంటి సంగీతం గురించి రాసేటప్పుడు 'కళాకారుడు తన మూలాలకు తిరిగి వెళ్లాడు' అనడం పరిపాటి. ఈ వాక్యాన్ని పరీక్షించి చూడండి. జాకింథోస్ 1797 వరకు సుమారు మూడు శతాబ్దాలు వెనిస్ పాలనలో ఉంది. అందుకే అయోనియన్ దీవుల 'కంతాదా' పాటల్లో ఇటాలియన్ పద్ధతి హార్మనీ వినిపిస్తుంది. గిటారు, మాండలిన్ వాటికి తోడుంటాయి. ఒట్టోమన్ పాలనలో ఉన్న ఎపిరస్ ప్రాంతపు పాటలు ఎక్కువగా ఐదు స్వరాల మీద నడుస్తాయి. అక్కడ క్లారినెట్ ముఖ్య వాద్యం. 1922 తర్వాత ఆసియా మైనర్ నుంచి వచ్చిన శరణార్థుల పాటల్లో మకాం పద్ధతి ఛాయలున్నాయి.

అంటే 'గ్రీకు జానపదం' ఒకే ధార కాదు. గ్రీకు కళాకారుడైనా వీటిలో చాలావాటిని ఎన్నుకొని నేర్చుకోవాల్సిందే. సంప్రదాయ గీతాలను కొత్తగా మలిచిన ఆల్బమ్‌కు క్లాంపానిస్ పెట్టిన పేరు గమనించండి. గ్రీకులో 'తోరా' అంటే 'ఇప్పుడు'.

3. లయలో బాస్ పాత్ర

జాజ్‌లో బాగా అలవాటైన నడక నాలుగు లెక్కలది. లెక్కకొక స్వరం మీటుతూ బాస్ పాటను నడిపిస్తుంది. గ్రీకు నృత్యం కలమతియానోస్‌కు ఏడు లెక్కలు, 3+2+2గా విరుగుతాయి. మిశ్రచాపు విన్న మీకు ఈ నడక కొత్తగా అనిపించదు. జైబెకికో నృత్యానికి తొమ్మిది లెక్కలు.

ఏడు లెక్కల బాణీని నాలుగులోకి కుదించి వాయిస్తే జానపదం అలంకారంగా మిగులుతుంది. బాస్ ఆ ఏడు లెక్కలనే మోస్తే, పియానో వాదకుడి మనోధర్మం కూడా ఆ విరుపుల్లోనే ఆలోచించాలి. పునాదిని బట్టే ఇల్లు. పునాది వాద్యం వాయించేవారే స్వరకర్త కావడం ఇక్కడ కలిసివచ్చింది.

ఇంకొక సంగతి. డబుల్ బాస్‌కు వీణలాగా మెట్లు ఉండవు. వేలు జార్చి రెండు స్వరాల మధ్య నాదాన్ని పలికించవచ్చు. పియానోకు ఆ వీలు లేదు. అందువల్ల మకాం ఛాయలున్న పాటకూ పియానో హార్మనీకీ మధ్య బాస్ సంధి కుదర్చగలదు.

4. గుణదోష విచారణ

'ఇర్రేషనాలిటీస్'లో ఉన్నది ముగ్గురే: క్లాంపానిస్, పియానోపై క్రిస్త్యన్ రాందాలు, తాళవాద్యాలపై బోదెక్ యాంకే. బృందం చిన్నది కనుక బాస్ తీసుకునే ప్రతి మలుపూ స్పష్టంగా తెలుస్తుంది. 'మైనర్ డిస్ప్యూట్'లో వయొలిన్ జాతి వాద్యాలు చేరి నాదం నిండుగా ఉంటుంది. కాని ఆ నిండుదనానికి ఒక మూల్యం ఉంది. ఊరి పండుగలో నర్తించేవారి ఉత్సాహాన్ని బట్టి పాట సాగుతుంది, ఆగుతుంది. ముందే రాసుకున్న అమరికలో ఆ గరుకుదనం నునుపెక్కుతుంది. ఇది మా అభిప్రాయం. మీరు విని విభేదించవచ్చు, కారణం మాత్రం చూపాలి.

మీ ప్రగతిని సరిచూసుకోండి

1. 'మూలాలకు తిరిగి వెళ్లడం' అనే వివరణ క్లాంపానిస్ విషయంలో ఎందుకు చాలదు?
2. ఆయన రచన ఒకదాన్ని మొదటిసారి బాస్‌ను మాత్రమే అనుసరిస్తూ, చేత్తో లెక్క వేస్తూ వినండి. రెండోసారి మొత్తం వినండి. మీ అంచనాలో వచ్చిన మార్పును పది వాక్యాల్లో రాయండి.