స్ప్రింగుకు తగిన షాకప్

కంపెనీ నుంచి దిగిన థార్‌కు నేలతో 226 మిల్లీమీటర్ల ఎడం ఉంటుంది. కొన్న కుర్రాళ్లలో చాలామందికి అది చాలదు. కొత్త వాసన పోకముందే బండి ఆటోనగర్ చేరుతుంది. స్ప్రింగుల దగ్గర రెండంగుళాల ముక్క పెట్టించుకుని, బలిసిన టైర్లతో తిరిగొస్తుంది. పెళ్లి బరాత్‌లో ముందు నడవడానికి, నాయకుడి ర్యాలీలో జెండా కట్టుకోవడానికి ఆ ఎత్తు బ్రహ్మాండంగా ఉంటుంది. చెలక బాట పట్టిన పది నిమిషాలకు మాత్రం వెనక సీట్లో కూర్చున్నవాళ్లు పై కడ్డీ పట్టుకుని దేవుణ్ణి తలుచుకుంటారు.

పెద్దవంగర లాంటి చోట ఈ సంగతి తొందరగా బయటపడుతుంది. 2016 అక్టోబరు 11న మండలమైన ఊరు ఇది. అంతకుముందు వరంగల్ జిల్లా కొడకండ్ల మండలంలో ఉండేది, ఇప్పుడు మహబూబాబాద్ జిల్లాలో ఉంది. తొర్రూరు దాకా వెళితే వరంగల్–ఖమ్మం జాతీయ రహదారి దొరుకుతుంది. పొలాల వైపు మళ్లితే ట్రాక్టర్ కేజ్ వీల్స్ కోసిన తారు, వానకు సబ్బులా జారే నల్లరేగడి, శ్రీరాంసాగర్ రెండో దశ కాలువల కట్టలు, మోరీల దగ్గర హఠాత్తుగా లేచే గట్లు. ఇలాంటి నేల మీద బండి ఎంత ఎత్తుందన్నది తర్వాతి మాట. నాలుగు చక్రాలూ నేలను వదలకుండా ఉన్నాయా అన్నది మొదటి మాట.

ముందు ఒక భ్రమ తీరాలి. వెనక ఇరుసు ఒకే గట్టి దూలంగా ఉన్న బండికి స్ప్రింగు ఎంత పెంచినా, ఇరుసు మధ్యనున్న డిఫరెన్షియల్ ఒక్క మిల్లీమీటరు కూడా లేవదు. దాన్ని లేపేది టైరు ఒక్కటే. టైరు వ్యాసం 50 మిల్లీమీటర్లు పెరిగితే ఇరుసు 25 లేస్తుంది. స్ప్రింగు లేపేది ఛాసిస్‌నీ, దాని మీది బాడీనీ. కాలువ కట్ట ఎక్కి అవతలికి దిగేటప్పుడు కడుపు రాసుకోకుండా ఆ ఎత్తు కాపాడుతుంది. థార్‌ విషయంలో అలా దాటగల కోణం కంపెనీ లెక్కలో 27 డిగ్రీలు, దాన్ని కాస్త పెంచుకోవచ్చు. ముందు బంపర్ గట్టుకు గుచ్చుకోకుండానూ చూసుకోవచ్చు. లాభం ఇక్కడితో సరి. ఇక ఖర్చు సంగతి.

ఖర్చు బరువుతో మొదలవుతుంది. బరువును బట్టి స్ప్రింగు ఉండాలన్న సూత్రం కొత్తది కాదు. థార్లు రాక ముందు పల్లెలను పట్నాలతో కలిపినవి కమాండర్ జీపులు, ట్రాక్స్‌లు. లోపల పదిమంది, వెనక వేలాడుతూ ఐదుగురు, టాప్ మీద పత్తి బస్తాలు. ఆ డ్రైవర్లు కమాన్ కట్టకు, అంటే పట్టీలు పేర్చిన స్ప్రింగుకు, ఒక పట్టీ అదనంగా వేయించుకునేవాళ్లు. ఎత్తు కోసం కాదు, రోజూ ఎక్కే జనం కోసం. ఖాళీగా తిరిగొచ్చేటప్పుడు జీపు గుంత గుంతకూ దడదడలాడేది. కిరాయి వచ్చే ట్రిప్పు అటు వెళ్లేది కాబట్టి ఇటు రావడాన్ని భరించేవాళ్లు. పాడేరు, అరకు ఏజెన్సీ దారుల్లో ఆ జీపులు ఇంకా అదే పద్ధతిలో నడుస్తున్నాయి. వాళ్ల లెక్కలో ముందు బరువు, దానికి తగ్గ స్ప్రింగు. ఈనాటి లిఫ్టు కిట్టు కొనేవాడు ఎత్తుతో మొదలుపెట్టి, బరువు సంగతి చివరికి కూడా అడగడు.

లెక్క చిన్నదే. బండి వెనక ఒక మూలన 400 కిలోలు మోపి ఉన్నాయనుకుందాం. స్ప్రింగు మిల్లీమీటరు కుంగడానికి 4 కిలోలు కావాలంటే, ఆ బరువుకు 100 మిల్లీమీటర్లు కుంగుతుంది. ఆ మూల తన సహజ ధోరణిలో సెకనుకు దాదాపు 1.6 సార్లు ఊగుతుంది. దాని బదులు 5 కిలోల స్ప్రింగు వేస్తే కుంగేది 80 మిల్లీమీటర్లే. 20 మిల్లీమీటర్ల ఎత్తు ఉచితంగా వచ్చినట్టు కనిపిస్తుంది, ఊపు మాత్రం 1.76కి పెరుగుతుంది. అదే మూలన మరో వంద కిలోలు శాశ్వతంగా ఉండేటట్టయితే కథ మారుతుంది. 500 కిలోల కింద 5 కిలోల స్ప్రింగు సరిగ్గా 100 మిల్లీమీటర్లు కుంగి, పాత ఊపు దగ్గరికే వస్తుంది. గట్టి స్ప్రింగు అనేది మోసే బరువుకు జవాబు. బరువు లేని బండికి అది కుదుపు ఒక్కటే ఇస్తుంది.

స్ప్రింగు గట్టిదనం కంటికి ఆనదు కూడా. కాయిల్ గట్టిదనం తీగ మందం నాలుగో ఘాతంతో పెరుగుతుంది. 12 మిల్లీమీటర్ల తీగ బదులు 13 వాడితే, మిగతా కొలతలన్నీ అవే అయినా, స్ప్రింగు 38 శాతం గట్టిపడుతుంది. రెండింటినీ పక్కపక్కన పెట్టి చేత్తో తడిమితే తేడా పట్టుకోవడం కష్టం. కాయిల్‌లో ఒక చుట్టు కోసేస్తే బండి దిగుతుంది గానీ మిగిలిన స్ప్రింగు ఇంకా గట్టిపడుతుంది. స్ప్రింగు మీద పెట్టే స్పేసర్ ముక్క గట్టిదనాన్ని ఏమీ మార్చదు, మొత్తాన్ని పైకి జరుపుతుందంతే. అందుకే ఎక్కువ బరువు మోయని బండికి చిన్న స్పేసర్ ఒక్కోసారి ఖరీదైన స్ప్రింగు కన్నా మర్యాదగా నడుస్తుంది. బజారులో దానికి గౌరవం లేకపోయినా నిజం ఇదే.

ఇక షాకప్. స్ప్రింగు దెబ్బను మింగి దాచుకుంటుంది, దాచుకున్నదంతా తిరిగి కక్కుతుంది. ఆ కక్కేదాన్ని నూనెలో వేడిగా మార్చి పారేసేది షాకప్. కాడికి కట్టిన ఎడ్లలో ఒకటి ఉరుకుతూ ఇంకొకటి ఈడ్చుకొస్తే నాగలి సాలు తప్పినట్టు, ఈ రెండింటికీ జత కుదరకపోతే బండి దారి తప్పుతుంది. కుదుర్చుకోవడానికి ఒక కొలత ఉంది. షాకప్‌కు కావలసిన పట్టు, గట్టిదనాన్ని బరువుతో గుణిస్తే వచ్చేదాని వర్గమూలం వెంట నడుస్తుంది. పై లెక్కలో స్ప్రింగు ఒక్కటే 4 నుంచి 5కు మారితే పట్టు సుమారు 12 శాతం పెరగాలి. బరువు కూడా 500కు చేరితే 25 శాతం. పాత షాకప్ ఆ తేడాను పూడ్చలేదు. బండి గుంత దాటాక రెండు మూడు సార్లు ఊగి గానీ నిలబడదు.

అయితే గట్టి షాకప్ వేస్తే తీరిపోతుందా? అక్కడే ఇంకో గొయ్యి ఉంది. షాకప్‌కు రెండు పనులు: చక్రం పైకి వస్తున్నప్పుడు అడ్డుకోవడం ఒకటి, స్ప్రింగు విచ్చుకుంటున్నప్పుడు పట్టి ఉంచడం ఇంకొకటి. విచ్చుకునే వైపు పట్టు మరీ బిగిస్తే, వరసగా అలలు దేలిన కాలువ కట్ట మీద ఒక గుంతకూ ఇంకో గుంతకూ మధ్య స్ప్రింగు పూర్తిగా తెరుచుకోలేదు. ప్రతి దెబ్బకూ బండి కొంచెం కిందికి కూరుకుంటుంది. కాసేపటికి రెండంగుళాలు పెంచిన బండి, ఇరుసు ఛాసిస్‌కు కొట్టుకోకుండా ఆపే బంప్ స్టాపుల మీద కూర్చుని నడుస్తుంది. డ్రైవరు స్ప్రింగులు మెత్తబడ్డాయనుకుని ఇంకా గట్టివి వేయిస్తాడు, జబ్బు ముదురుతుంది.

బంపర్ మీద బరువు వేసి నొక్కి వదలడం మెకానిక్కులందరూ చేసే పరీక్ష. బండి ఒక్కసారి లేచి, కొద్దిగా దిగి, ఆగిపోతే షాకప్ బతికే ఉందని అర్థం. చచ్చిన షాకప్‌ను పట్టుకోవడానికి ఆ పరీక్ష చాలు. జత కుదిరిందా లేదా అన్నది దానికి తేలదు. చేత్తో నొక్కే వేగం వేరు, నలభై కిలోమీటర్ల వేగంలో గుంత కొట్టే దెబ్బ వేరు. పైగా వేడి సంగతి చేతికి తెలియదు. అరగంట గతుకుల్లో తోలాక మామూలు రెండు గొట్టాల షాకప్‌లో నూనె, గాలి కలిసి నురగ కడతాయి, పట్టు జారిపోతుంది. ఒకే గొట్టంలో నూనెనూ నైట్రోజన్ వాయువునూ వేరు చేసి ఉంచే రకం అలాంటి చోట నిలుస్తుంది. దాని గొట్టానికి రాయి తగిలి సొట్ట పడితే మాత్రం పిస్టన్ ఇరుక్కుంటుంది.

ఎక్కువ బండ్లు చెడేది పొడవు దగ్గర. ముడిస్తే 330 మిల్లీమీటర్లు, సాగితే 530 ఉండే షాకప్ తీసుకుందాం. బండి నిలబడ్డప్పుడు అది 430 దగ్గర ఉంటుంది, పైకి వంద, కిందికి వంద. బండిని 50 మిల్లీమీటర్లు లేపి పాత షాకప్‌నే ఉంచితే అది 480కి సాగి నిలబడుతుంది. కిందికి మిగిలింది యాభై. చక్రం గుంతలో వేలాడగానే ఇరుసు బరువంతా షాకప్ కడ్డీ మీద పడి, సీలు కారుతుంది, బ్రాకెట్ వెల్డింగ్ విడుతుంది. పోనీ పొడుగు షాకప్ వేద్దాం, ముడిస్తే 380, సాగితే 580. ఇప్పుడు చక్రం పైకి వచ్చినప్పుడు బంప్ స్టాపు తగలకముందే షాకప్ అడుగంటుతుంది. కాబట్టి బంప్ స్టాపును కూడా 50 మిల్లీమీటర్లు కిందికి దించాలి. అన్నీ సరిచేసి చూసుకుంటే చక్రం కదిలే దూరం పాత 200 మిల్లీమీటర్లే! ఎత్తు పెరిగింది, చక్రం ప్రయాణం పెరగలేదు.

2010లో వచ్చిన మొదటి థార్‌కు వెనక కమాన్ కట్టలే. 2020 అక్టోబరు 2న వచ్చిన రెండో తరానికి నాలుగు మూలలా కాయిల్ స్ప్రింగులు. ఈ మార్పు మెకానిక్కు చేతి అలవాటును తలకిందులు చేసింది. కమాన్ కట్టలో పట్టీలు ఒకదానితో ఒకటి రాసుకుని, ఆ రాపిడితోనే ఊపును కొంత చంపుతాయి. సగం చచ్చిన షాకప్‌తో కూడా పాత జీపు ఎలాగో నడిచేది. కాయిల్‌లో ఆ రాపిడి లేదు, భారమంతా షాకప్ మీదే. కమాన్ల కాలంలో కొలిమి దగ్గర పట్టీని కాల్చి వంపు పెంచే విద్య కూడా ఉండేది. ఎర్రగా కాల్చిన పట్టీకి మళ్లీ సరైన పదును పెట్టకపోతే కొన్నాళ్లకే చదునైపోతుంది. ఆ పని తెలిసినవాళ్లు ఆటోనగర్లలో ఉన్నారు, తెలియనివాళ్లూ పక్క షెడ్డులోనే ఉన్నారు.

కొత్త థార్ ముందు భాగంలో ఇంకో చిక్కు ఉంది. అక్కడ స్ప్రింగూ షాకప్పూ ఒకే కట్టగా కింది చెయ్యి మీద నిలుస్తాయి. ఆ కట్ట చక్రం దగ్గర కాక, చెయ్యి మధ్యలో ఎక్కడో ఆనుతుంది. సరిగ్గా సగం దగ్గర ఆనిందనుకుంటే, పైన పెట్టిన 25 మిల్లీమీటర్ల ముక్క చక్రం దగ్గర 50 అవుతుంది. ముక్క చిన్నదే కదా అని రెండు వేస్తే బాల్ జాయింట్లూ, ముందు చక్రాలను తిప్పే ఇరుసుల జాయింట్లూ తమ కోణం దాటి వంగుతాయి. వాటి రబ్బరు బూట్లు చిరిగి గ్రీజు చిమ్మేదాకా ఎవరికీ తెలియదు.

ముందూ వెనకా మధ్య పొత్తు కూడా చూడాలి. 1930ల మొదట్లో జనరల్ మోటార్స్‌లో పనిచేసిన మారిస్ ఓలీ, ఒక పెద్ద క్యాడిలాక్‌కు ముందూ వెనకా బరువులు తగిలించి, వాటిని జరుపుతూ రకరకాల స్ప్రింగులతో తోలి చూశాడు. ముందు స్ప్రింగులు వెనకవాటికన్నా నెమ్మదిగా ఊగితే కారు నిలకడగా నడుస్తుందని తేల్చాడు. గుంత ముందు చక్రాలకు మొదట తగులుతుంది. కాస్త ఆలస్యంగా మొదలైన వెనక భాగం వేగంగా ఊగి దాన్ని అందుకుంటుంది, రెండూ కలిసి దిగుతాయి. ఇప్పుడు మన బండికి ఇనుప బంపరూ, విన్చూ తగిలిస్తారు. ఆ బరువు చూపి ముందు లావు స్ప్రింగులు వేస్తారు, వెనక పాతవే ఉంచుతారు. వరస తిరగబడుతుంది. బండి గుర్రంలా ముందుకీ వెనక్కీ తల ఊపడం మొదలుపెడుతుంది.

చట్టం సంగతి మెకానిక్కు చెప్పడు. 1988 మోటారు వాహనాల చట్టంలోని 52వ సెక్షన్ ప్రకారం, తయారీదారు నిర్దేశించినదానికి భిన్నంగా రిజిస్ట్రేషన్ పత్రంలోని వివరాలు మారేలా బండిని మార్చకూడదు. 2019 జనవరిలో సుప్రీంకోర్టు దాన్ని గట్టిగానే చెప్పింది. అదే ఏడాది సవరణతో, అనుమతి లేని ఒక్కో మార్పుకు యజమానికి 5,000 రూపాయల జరిమానా, లేదా ఆరు నెలల దాకా జైలు, లేదా రెండూ పడవచ్చు. పని చేయించాక కాక, ముందే రవాణా శాఖ కార్యాలయంలో అడగడం చవక.

ఎత్తు ఇచ్చే ధైర్యానికి కూడా హద్దు పెట్టుకోవాలి. బరువు పైకి జరిగిన బండి మలుపులో తొందరగా ఒరుగుతుంది. నీళ్ల విషయంలో కంపెనీ థార్‌కు చెప్పే లోతు 650 మిల్లీమీటర్లు, అది పొంగే వాగు కోసం చెప్పిన మాట కాదు. 2024 సెప్టెంబరు 1న కేసముద్రం–ఇంటికన్నె మధ్య రైలు పట్టాల కింది కంకరనే వరద ఊడ్చుకుపోయింది. అలాంటి నీటికి రెండంగుళాల స్పేసర్ లెక్కలోకి రాదు.

బండి పెంచాలని సలహా అడిగినవాళ్లను ఈ కాలమ్ రాసేవాడు ముందు వేబ్రిడ్జికి పంపుతాడు. రోజూ మోసే సామాను, మనుషులు, ట్యాంకు నిండా డీజిల్‌తో ముందు ఇరుసును ఒకసారి, వెనక ఇరుసును ఒకసారి తూచి రమ్మంటాడు. కొందరు తూకం చీటీ చూసుకుని, పెంచాల్సింది టైరు ఒక్కటేనని తేల్చుకుని వెళ్లిపోతారు. మిగిలినవాళ్లు ఆ అంకెలు పట్టుకుని స్ప్రింగు ఎంచుకుంటారు, తర్వాత షాకప్. షెడ్డులో షాకప్ బిగించే ముందు జాకీ మీద ఇరుసును పూర్తిగా కిందికి వేలాడదీసి, పూర్తిగా పైకి ఎత్తి, రెండు పొడవులూ టేపుతో కొలిపించుకుంటారు. కొలిచేటప్పుడే బ్రేకు గొట్టం బిగుసుకుంటోందా అన్నది కూడా కనిపిస్తుంది. కొత్త స్ప్రింగు మొదటి వెయ్యి కిలోమీటర్లలో కొంత కుంగుతుంది కాబట్టి, ఆ తర్వాత బోల్టులు మళ్లీ బిగించి, వీల్ అలైన్‌మెంట్ చేయించి, హెడ్‌లైట్లు కిందికి దించుకోవాలి. ఈ చివరి పని స్క్రూడ్రైవర్‌తో పది నిమిషాల్లో అయిపోతుంది. అది చేయని పెంచిన బండి ఎదురైతే, తొర్రూరు రోడ్డు మీద రాత్రి పూట బైకు మీద వచ్చేవాడికి దారి కనిపించదు.