రోజూ క్లాసుందా?

అమెరికాలో తెలుగువాళ్ల ఇళ్లలో పిల్లలు హైస్కూలు చివరికొచ్చారంటే తల్లిదండ్రులకి కాలేజీల ర్యాంకులు కంఠతా వచ్చేస్తాయి. కంప్యూటర్ సైన్స్‌కి ఏది మంచిది, మెడిసిన్‌కి ఏ దారి దగ్గర, సొంత రాష్ట్రంలో చదివితే ఎంత మిగులుతుంది... ఎవరింటి గృహప్రవేశానికి వెళ్లినా అడగకుండానే చెప్పేవాళ్లు పదిమంది ఉంటారు. మా అమ్మాయి దగ్గరికొచ్చేసరికి ఆ పదిమందీ చేతులెత్తేశారు. దానికి కావలసింది బయాలజీ చదువుకుంటూనే బ్యాలే మానకుండా ఉండగలిగే కాలేజీ. ‘బ్యాలేకి కాలేజీ ఏమిటి, హాబీయే కదా’ అన్నారు కొందరు. ‘న్యూయార్క్‌లో జూలియార్డ్ కళల స్కూలుందిగా’ అన్నారు ఇంకొందరు. హాబీకీ జూలియార్డ్‌కీ మధ్య చాలా కాలేజీలున్నాయి. వాటిని వెతికి పట్టుకోవడం ఎలాగో ఈ ఏడాది మేం నేర్చుకున్నాం.

నేను కూచిపూడి నేర్చుకున్నదాన్ని. పెళ్లై న్యూజెర్సీ వచ్చాక కూడా సాధన మానలేదు. వంటయ్యాక హాల్లో సోఫా పక్కకి జరిపి, ఫోన్‌లో నట్టువాంగం పెట్టుకుని జతులు వేసుకునేదాన్ని. ఉగాదికో, గుడిలో ఉత్సవానికో, తానా సభలకో వేదిక దొరికేది. ఒక్క మనిషి, ఒక పాట, కాళ్లకి గజ్జెలు ఉంటే మా నాట్యం సాగిపోతుంది. అందుకే మా అత్తగారు మనవరాల్ని అడిగిన మాట నాకు వింతగా అనిపించలేదు. “హాస్టల్లో పొద్దున్నే లేచి నీ గదిలో చేసుకోకూడదుటే తల్లీ?”

“గది చాలదు నానమ్మా. చాలినా ఆ నేల పనికిరాదు” అంది అమ్మాయి.

ఆ మాట అక్షరాలా నిజం. బ్యాలేలో గాల్లోకి ఎగిరి దిగే పని ఎక్కువ. కాంక్రీటు మీద పరిచిన టైల్స్ మీద రోజూ దిగితే ముంగాళ్ల నొప్పితో మొదలై ఎముకలో సన్నని పగుళ్ల దాకా వెళుతుంది. అందుకే స్టూడియోల్లో చెక్కకింద ఖాళీ వదిలి, కాలికి కొంచెం లొంగే నేల కడతారు. జారకుండా దానిమీద వినైల్ షీటు పరుస్తారు. పాయింట్ షూస్ సంగతి మరీను. గుడ్డా కాగితం పొరలు జిగురుతో గట్టిపరిచి, పైన శాటిన్ తొడిగిన ఆ బూటు ముందుభాగం మీద ఒంటి బరువంతా ఆనాలి. జత వంద డాలర్లు దాటుతుంది. గట్టిగా రిహార్సల్స్ నడిచే రోజుల్లో ఒక జత వారం కూడా ఆగదు.

ఇక క్లాసు. గంటన్నర. మొదట బార్ అనే కర్ర పట్టుకుని మోకాళ్లు మడిచే ప్లీయే, పాదం నేలమీద చాచే తాందూ. తరవాత గది మధ్యకొచ్చి నెమ్మది కదలికలు, గిరికీలు. చివర పెద్ద గెంతులు. పారిస్‌లో అయినా, ఓక్లహోమాలో అయినా వరస ఇదే. మంచి చోట పియానో వాయించే మనిషి పక్కనే కూర్చుంటారు. తుంటి ఎంత తిరిగింది, మడమ ఎక్కడ తేలింది అని కనిపెట్టి సరిదిద్దే గురువు ఎదురుగా ఉండాలి. ఒంటరిగా చేస్తే తప్పులే అలవాటవుతాయి. పైగా ఇది బృందం కళ. ‘స్వాన్ లేక్’లో హంసల వరస ఒక్కతీ ఎలా వేస్తుంది? జంటనాట్యం నేర్చుకోవాలంటే ఎత్తిపట్టుకునే జోడీ ఉండాలి. అంటే బ్యాలే చేసే అమ్మాయికి గది, నేల, గురువు, సాటివాళ్లు అన్నీ ఒకేచోట రోజూ దొరకాలి.

వయసు లెక్క కూడా వేరు. కూచిపూడిలో నలభై దాటాక అభినయం పండే నర్తకులున్నారు. బ్యాలే కంపెనీలు పదిహేడు, పద్దెనిమిదేళ్లకే పిల్లల్ని తీసుకుంటాయి. ముప్ఫై ఐదు దాటేసరికి చాలామంది వేదిక దిగుతారు. అంటే కాలేజీకి పోయే నాలుగేళ్లు నాట్యజీవితంలో తొలి ఏళ్లు. వీటిని చదువుకిస్తే నాట్యానికి కోత, నాట్యానికిస్తే చదువు వాయిదా.

కొందరు నిక్కచ్చిగా చదువునే వాయిదా వేస్తారు. ట్రైనీగానో, అప్రెంటిస్‌గానో కంపెనీలో చేరిపోతారు. ఆడిషన్‌లో దర్శకుడు డిగ్రీ అడగడు, పాదం చూస్తాడు. అలా వెళ్లినవాళ్లకి చదువు తలుపు మూసుకుపోదు. కాలిఫోర్నియాలోని సెయింట్ మేరీస్ కాలేజీ వృత్తి నర్తకులు బీఏ పూర్తిచేసుకునేందుకు ‘లీప్’ అనే కార్యక్రమాన్ని 1999 నుంచి నడుపుతోంది. న్యూయార్క్ సిటీ బ్యాలే నర్తకులు లింకన్ సెంటర్ పక్కనే ఉన్న ఫోర్డ్‌హామ్ విశ్వవిద్యాలయంలో సెమిస్టర్‌కి ఒకటీ రెండూ కోర్సులు చదువుకుంటూ డిగ్రీ తెచ్చుకోవడం పాత అలవాటే. కంపెనీలో చేరే తెగువా, అవకాశమూ ఉన్న పిల్లకి ఈ దారి తప్పుకాదు. మా అమ్మాయికి చదువూ ఇప్పుడే కావాలి.

కాలేజీల జాబితాలు తిరగేస్తే ‘డాన్స్’ విభాగం ఉన్న విశ్వవిద్యాలయాలు చాలానే కనిపిస్తాయి. అయితే ఆ విభాగాల్లో చాలావాటిలో బ్యాలేది రెండో పీట. దానికో చరిత్ర ఉంది. అమెరికా విశ్వవిద్యాలయాల్లోకి నాట్యం ఆడపిల్లల వ్యాయామ విద్య గుండా వచ్చింది. 1926లో విస్కాన్సిన్ విశ్వవిద్యాలయంలో మార్గరెట్ హడోబ్లర్ అనే వ్యాయామ ఉపాధ్యాయురాలు మొదటి డాన్స్ డిగ్రీకి రూపం ఇచ్చారు. 1934లో బెనింగ్టన్ కాలేజీలో మొదలైన వేసవి శిక్షణలో మోడరన్ డాన్స్ కళాకారిణి మార్తా గ్రాహం వంటివాళ్లు పాఠాలు చెప్పారు. అక్కడ నేర్చుకున్నవాళ్లే దేశమంతా డాన్స్ టీచర్లయ్యారు. దాంతో కాలేజీ నాట్యమంటే మోడరన్ డాన్స్ అని స్థిరపడిపోయింది. మా రాష్ట్రంలోని రట్గర్స్‌లో మంచి డాన్స్ డిగ్రీ ఉన్నా దాని మొగ్గు అటే. అది వాళ్ల లోపం కాదు. బ్యాలే కోసం వెతికేవాళ్లు తెలుసుకోవాల్సిన సంగతి.

బ్యాలే వెనకాల వచ్చింది. టెక్సస్ క్రిస్టియన్ యూనివర్సిటీ 1949లో బ్యాలేకి డిగ్రీ పెట్టింది. 1951లో విల్లం క్రిస్టెన్‌సెన్ యూటా విశ్వవిద్యాలయంలో బ్యాలే బోధన మొదలుపెట్టారు. ఆయన మామూలు మనిషి కాదు. అమెరికాలో ‘నట్‌క్రాకర్’ బ్యాలేను మొదటిసారి పూర్తిగా ప్రదర్శించింది ఆయనే, 1944లో శాన్‌ఫ్రాన్సిస్కోలో. సొంత రాష్ట్రమైన యూటాకి తిరిగొచ్చి విశ్వవిద్యాలయంలో పాఠాలు చెబుతూ, 1963లో ఒక కంపెనీని కూడా స్థాపించారు. అదే ఇప్పటి బ్యాలే వెస్ట్. ఓక్లహోమా విశ్వవిద్యాలయంలో నాట్య విభాగానికి పునాది వేసింది ఇవాన్ షూటో, ఆమె భర్త మిగెల్ టెరెకోవ్. షూటో అమెరికా ఆదివాసీ మూలాలున్న అయిదుగురు ప్రసిద్ధ బ్యాలేరినాల్లో ఒకరు. పేరున్న బ్యాలే విభాగాలు కొన్ని యూటాలో సాల్ట్‌లేక్ సిటీ, టెక్సస్‌లో ఫోర్ట్‌వర్త్, ఓక్లహోమాలో నార్మన్ లాంటి ఊళ్లలో కనపడటానికి కారణం ఇదే. అక్కడికి వెళ్లి పని మొదలుపెట్టిన మనుషులున్నారు.

నన్ను బాగా ఆకట్టుకున్నది ఇండియానా విశ్వవిద్యాలయం. బ్లూమింగ్టన్‌లో జేకబ్స్ సంగీత కళాశాల లోపలే బ్యాలే విభాగం ఉంది. ఏటా డిసెంబరులో ‘నట్‌క్రాకర్’ వేస్తారు, సంగీతం రికార్డు కాదు, అక్కడి విద్యార్థుల ఆర్కెస్ట్రాయే. న్యూయార్క్ సిటీ బ్యాలే నడిపిన నృత్యదర్శకుడు బాలన్‌షీన్ దగ్గర నాట్యం చేసిన వయొలెట్ వెర్డీ ఆఖరి ఏళ్లవరకూ అక్కడే పాఠం చెప్పారు. డిగ్రీ పేరు కూడా బీఎస్. బ్యాలేతో పాటు బయటి సబ్జెక్టు ఒకటి చదవాలన్నది అందులోనే ఉంది. ఇండియానాపొలిస్‌లోని బట్లర్ విశ్వవిద్యాలయం ఇంకో మంచి నమూనా. ప్రదర్శనకి ఒక డిగ్రీ, నాట్యం బోధించడానికి ఒకటి, కళాసంస్థల నిర్వహణకి ఒకటి పెట్టారు. అందరూ వేదికమీదే మిగలరని ముందే ఆలోచించినవాళ్లు.

జూలియార్డ్ మాట వేరే. ఏటా ఇరవై నాలుగుమందికి అటూఇటూ తీసుకుంటారు. బ్యాలేతో సమానంగా మోడరన్ కూడా చేయాలి. 1998లో ఏలీ నాట్య పాఠశాల, ఫోర్డ్‌హామ్ కలిసి మొదలుపెట్టిన డిగ్రీ, 2015లో మొదటి బ్యాచ్‌ని తీసుకున్న సదరన్ కాలిఫోర్నియా విశ్వవిద్యాలయపు కాఫ్‌మన్ స్కూలు కూడా పలు శైలుల కలగలుపే.

ఇంకో రకం కాలేజీలున్నాయి. మన తల్లిదండ్రులకి వీటి పేర్లు ముందే వచ్చు, నాట్యం కోసం కాదు. ప్రిన్స్‌టన్‌లో డాన్స్ మేజర్ లేదు. అయినా విద్యార్థులు సొంతంగా నడుపుకునే బ్యాలే కంపెనీ ఉంది. కొలంబియాలో 2007లో అక్కడ చదువుతున్న వృత్తి నర్తకులే కొందరు కలిసి ‘కొలంబియా బ్యాలే కొలాబరేటివ్’ మొదలుపెట్టారు. రోడ్డు దాటితే బర్నార్డ్ కాలేజీలో తొలి మెట్టు నుంచి పై మెట్టు దాకా బ్యాలే క్లాసులు. అదీ చాలకపోతే న్యూయార్క్ నిండా స్టూడియోలే. ఇలాంటి చోట్ల ఎవరూ చేయిపట్టి నడిపించరు. క్లాసు వెతుక్కోవడం, హాలు బుక్ చేసుకోవడం, లైట్లవాళ్లని బతిమాలుకోవడం అన్నీ పిల్లలే చూసుకోవాలి. ఆ చొరవ ఉన్న పిల్లకి ఇది చక్కని చోటు.

ఇన్ని చూశాక నాకు తేలిందేమిటంటే, కాలేజీ పేరు చూసి ఏదీ తేల్చుకోలేం. టైంటేబుల్ చూడాలి. ఒకచోట, పేరెందుకు లెండి, థియేటరు చూస్తే కళ్లు చెదిరాయి. బ్యాలే క్లాసు ఎప్పుడని అడిగితే మంగళవారం, గురువారం అన్నారు. గాత్రం నేర్చుకునేవాణ్ని వారానికి రెండుసార్లే గొంతు విప్పమన్నట్టుంది. కారెక్కాక మా అమ్మాయి, “అమ్మా, నాలుగేళ్లు పోయాక ఆ స్టేజీ మీద ఎక్కేది నేను కాదు, నాలా ఉండే ఇంకెవరో” అంది. ఇంకోచోట స్టూడియో పాతది, గోడలకి రంగు పోయింది. కానీ వారంలో అయిదు రోజులూ పొద్దున పదింటికి క్లాసు, మధ్యాహ్నం నుంచి రిహార్సల్. వచ్చిన పిల్లల్ని క్లాసులో చేరి చేయమన్నారు. అలా చేయనిచ్చే కాలేజీ తన పని దాచుకోవడం లేదని అర్థం.

డిగ్రీ రకాన్ని బట్టి కూడా టైంటేబుల్ మారుతుంది. బీఎఫ్ఏ (ఫైన్ ఆర్ట్స్ డిగ్రీ) అంటే చదువులో దాదాపు మూడింట రెండొంతులు నాట్యమే. బీఏ అయితే నాట్యం తగ్గి మిగతా చదువుకి చోటు పెరుగుతుంది. కెమిస్ట్రీ ల్యాబు మధ్యాహ్నం ఒంటిగంట నుంచి నాలుగు దాకా ఉంటుంది. రిహార్సల్ కూడా అప్పుడే ఉంటే ఏం చేస్తారు? బ్రోషర్లో రెండు మేజర్లూ చేయొచ్చని రాస్తారు. నిజంగా చేసినవాళ్లు ఎవరున్నారో, ఎన్నేళ్లు పట్టిందో అడిగితే అసలు సంగతి బయటపడుతుంది. మైనర్‌గా తీసుకున్నవాళ్లని పై స్థాయి క్లాసులోకి రానిస్తారా, ప్రదర్శనల్లో పాత్రలిస్తారా అన్నది ఇంకో ప్రశ్న. చాలాచోట్ల ఇవ్వరు. ఏయే కృతులు వేస్తున్నారో కూడా చూడాలి. బాలన్‌షీన్ కృతులు వేయాలంటే ఆయన పేరుమీద ఉన్న ట్రస్టు అనుమతి తీసుకోవాలి. ట్రస్టు పంపిన మనిషి వచ్చి నేర్పాలి. ఆ అనుమతి తెచ్చుకున్న విభాగంలో ప్రమాణం ఉన్నట్టే.

గాయమైతే చూసే ఫిజియో ఉన్నారా అని అడగడానికి మొహమాటపడకూడదు. ఆడపిల్లల బరువు గురించి టీచర్లు ఎలా మాట్లాడతారో అక్కడ చదువుతున్న పిల్లల్ని పక్కకి పిలిచి అడగాలి. ఈ కళలో సరిగా తినక ఎముకలు పెళుసెక్కిన పిల్లలు ఉన్నారు. డబ్బు సంగతి సరేసరి. చాలా ప్రైవేటు విశ్వవిద్యాలయాల్లో ఫీజూ వసతీ కలిపి ఏడాదికి 80,000 డాలర్లు దాటుతున్నాయి. ప్రతిభకిచ్చే స్కాలర్‌షిప్ ఎంత, మధ్యలో గాయపడితే అది ఉంటుందా పోతుందా అన్నది రాతపూర్వకంగా తెలుసుకోవాలి. చదువుకి సీటొచ్చినంత మాత్రాన నాట్య విభాగంలో సీటు రాదు. ముందు వీడియో, తరవాత సాధారణంగా జనవరి, ఫిబ్రవరిల్లో ఆడిషన్. ఆఖరి ఏడాది సెలవుల్లో ఆలోచించుకుందామంటే కుదరదు.

మా ఆయన అడిగేది ఒకటే ప్రశ్న. “అంతా చేసి చివరికి డాక్టరే అయితే ఈ నాలుగేళ్ల బ్యాలే ఎందుకు?” దానికి నా దగ్గర జవాబుంది. అరంగేట్రానికి హాలు, ఆర్కెస్ట్రా, పట్టుచీరలు, భోజనాలు అంటూ వేల డాలర్లు ఖర్చుపెట్టి, మర్నాడే పిల్ల గజ్జెలు అటకెక్కించిన ఇళ్లు మన ఊళ్లోనే ఎన్ని చూశాం? పదిహేనేళ్లు నేర్చుకున్న విద్యని సరిగ్గా అది పక్వానికొచ్చే వేళకి ఆపేయమంటాం. హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీలో కూచిపూడికి పీజీ ఉందని, కాలిఫోర్నియాలోని సిలికానాంధ్ర విశ్వవిద్యాలయంలోనూ కూచిపూడి చదువుకోవచ్చని మనలో ఎంతమంది పిల్లలకి చెప్పాం? డాక్టరు కావడానికి నాట్యం అడ్డమని ఎవరూ రుజువు చేయలేదు. అడ్డమయ్యేది టైంటేబుల్ కుదరని కాలేజీ.

కాబట్టి బ్యాలే అయినా, కూచిపూడి అయినా, నిజంగా నేర్చుకున్న పిల్ల మీ ఇంట్లో ఉంటే ర్యాంకుల జాబితా కాసేపు పక్కన పెట్టండి. కాలేజీకి ఉత్తరం రాసేటప్పుడు మొదటి వాక్యంలోనే అడగండి: మా అమ్మాయి స్థాయికి తగిన క్లాసు రోజూ ఉందా, దాని చదువుతో ఆ వేళ కుదురుతుందా? లేదని జవాబొస్తే ఆ కాలేజీ ఎంత గొప్పదైనా మీ అమ్మాయికి పనికిరాదు.