చీరాల పాఠం, కనిగిరి నీళ్లు

బీఈడీ ట్రైనీలు టీచింగ్ ప్రాక్టీసుకు మా హనుమంతునిపాడు వైపు వచ్చినప్పుడల్లా చీరాల–పేరాల పాఠం చెప్పిస్తాను. లెసన్ ప్లాన్ ముచ్చటగా రాస్తారు. 1921, మునిసిపాలిటీ పన్నులు, దుగ్గిరాల గోపాలకృష్ణయ్య, ఊరొదిలి రామ్‌నగర్‌లో వేసుకున్న గుడిసెలు, చప్పట్లు. గంట మోగుతుంది.

అసలు పాఠం ఆ చప్పట్లకు ముందూ వెనకా ఉంది. ఊరొదలడానికి ముందు ఆ జనం అర్జీలు పెట్టుకున్నారు. పన్ను కట్టనందుకు జైలుకూ వెళ్లారు, అందులో ఒక ఆడమనిషీ ఉంది. దాదాపు 11 నెలలు గుడిసెల్లో ఉండి, చివరికి తిరిగి ఇళ్లకొచ్చారు. మునిసిపాలిటీ పోలేదు. ఈ చివరి మాట దగ్గరికి వచ్చేసరికి ట్రైనీలు గొంతు తగ్గిస్తారు.

"పిల్లలు నిరుత్సాహపడతారేమో సార్" అంది ఒకమ్మాయి.

"మన పిల్లలకు ఎదురుచూడటం కొత్త కాదమ్మా, చెప్పు" అన్నాను.

ఈ పడమటి ప్రాంతానికి నీళ్లు తేవాల్సిన వెలిగొండ ప్రాజెక్టుకు శంకుస్థాపన జరిగింది 1996లో. అప్పుడు బడిలో ఉన్నవాళ్ల బిడ్డలే ఇప్పుడు మా బెంచీల మీద కూర్చుంటున్నారు. గెలిచిన కథలే విన్న పిల్లవాడు మొదటి అర్జీకి జవాబు రాకపోతే కాగితం చించేస్తాడు. ఓడినా ఆ జనం ఏం నేర్చుకున్నారో విన్నవాడు రెండోది రాస్తాడని నా గట్టి నమ్మకం.

అందుకే ట్రైనీలను ముందు గ్రామసభకు రమ్మంటాను. వెనక వరుసలో కూర్చుని ఎవరు మాట్లాడారో, ఎవరి మాట మినిట్స్ పుస్తకంలోకి ఎక్కిందో రాసుకోవాలి. (పార్టీ కండువా మాత్రం గడప బయటే. మాస్టారి ఓటు ఎటో పిల్లలకు తెలియకూడదు.) తర్వాత ట్రైనీల పేరు మీదే సమాచార హక్కు దరఖాస్తు రాయిస్తాను. కనిగిరి ప్రాంతపు బోరు నీళ్లలో ఫ్లోరైడు సంగతి అందరికీ తెలిసిందే. లీటరుకు 1.5 మిల్లీగ్రాములు దాటితే తాగడానికి పనికిరాదని సైన్సు మాస్టారు చెబుతారు. మరి మన బోరులో ఎంతుంది, చివరిసారి ఎప్పుడు పరీక్షించారు? అడగడానికి ఊళ్లో ఫీజు లేదు, మండల స్థాయిలో 5 రూపాయలు. జవాబుకు గడువు 30 రోజులు.

ఆ గడువు గడిచిపోతే అప్పీలు ఎవరికి రాయాలో ట్రైనీకి తెలిసుండాలి. రేపు తన క్లాసులో ఏ పిల్లో లేచి "రాకపోతే ఏం చేయాలి సార్?" అని అడుగుతుంది.