ముక్కల టికెట్లు

దూర ప్రయాణం చివరికొచ్చేసరికి కాళ్లకంటే ముందు కళ్లు అలిసిపోతాయి. గోపురం కనపడితే ఇంకో గుడి, ఇసుక కనపడితే ఇంకో బీచ్ అనిపిస్తుంది. ఫొటోలు తీయడం తగ్గిపోయి, రైలు టికెట్లు ఉన్నాయో లేదో చూసుకోవడం ఎక్కువవుతుంది. మనసు అప్పటికే ఇంటి గుమ్మంలో చెప్పులు విడుస్తుంటుంది. ఈ దశలో చాలామంది మిగిలిన దూరాన్ని ఒక్క రాత్రి బస్సులో దాటేస్తారు. నేను సరిగ్గా దానికి ఎదురు పని చేస్తాను. మిగిలిన దూరాన్ని ముక్కలు చేస్తాను. చివరి ఊరికి టికెట్టు కొనను. వచ్చే ఏరు దాకా కొంటాను.

మొన్న శీతాకాలం కన్యాకుమారిలో బయల్దేరి, కేరళ దాటి మంగళూరు చేరేసరికి ఆ అలసట పట్టుకుంది. అక్కడి నుంచి కార్వార్ సుమారు 270 కిలోమీటర్లు. జాతీయ రహదారి 66 మీద ఏ ఎక్స్‌ప్రెస్సో ఎక్కితే ఒక పూట ప్రయాణం. ముక్కలు చేసుకుంటే వారం కూడా చాలదు, అలా చాలకపోవడమే నాకు కావాల్సింది.

సముద్రాన్ని ఆనుకుని బస్సులో పోవడం మనకు పెద్దగా తెలియదు. అంత పొడవు తీరం ఉండి కూడా, విశాఖ–భీమిలి రోడ్డు లాంటివి వదిలేస్తే, చెన్నై నుంచి కోల్‌కతా వెళ్లే మన హైవే మీద సముద్రం దాదాపు కనపడదు. గోదావరి, కృష్ణ, పెన్న మోసుకొచ్చిన ఒండ్రుతో నేల సముద్రంలోకి పెరిగింది, రోడ్డు లోపలే ఉండిపోయింది. పడమటి తీరం అలా కాదు. ఒక పక్క సహ్యాద్రి, ఇంకో పక్క అరేబియా సముద్రం, మధ్యన సన్నటి నేల. రోడ్డు పోవడానికి వేరే చోటు లేదు. అందుకే అక్కడి నదులూ పొట్టివే. జోగ్ దగ్గర 253 మీటర్ల ఎత్తు నుంచి దూకే శరావతి మొత్తం పొడవు 128 కిలోమీటర్లు. అదే కొండల వరసలో త్ర్యంబకం దగ్గర పుట్టిన గోదావరికి అరేబియా సముద్రం 80 కిలోమీటర్ల దూరమే. అయినా అటు పోకుండా 1465 కిలోమీటర్లు నడిచి మన వైపు వచ్చింది. ఈ పడమటి రోడ్డు మీద వంతెన వెనక వంతెన వస్తుంటే నాకు ఆ సంగతే గుర్తొస్తుంటుంది.

ఈ ప్రయాణానికి కొన్ని పద్ధతులున్నాయి. దక్షిణం నుంచి ఉత్తరానికి పోతే సముద్రం ఎడమ వైపు, అంటే బస్సు తలుపు ఉన్న వైపు. పొద్దున పూట ఎండ కొండల వైపు నుంచి వస్తుంది కాబట్టి ఎడమ కిటికీ నీడలో ఉంటుంది, నీళ్లు స్పష్టంగా కనపడతాయి. మధ్యాహ్నం దాటాక అదే కిటికీలోంచి ఎండ మొహాన కొడుతుంది, పక్కవాళ్లు షట్టర్ దించేస్తారు, ఇక సముద్రం లేనట్టే. అందుకే మధ్యాహ్న భోజనం వేళకు దిగిపోవాలి. వీపు సంచి ఎంత ఉండాలంటే, ఒళ్లో పెట్టుకుంటే గడ్డానికి తగలకూడదు. ఎనిమిదిన్నరకు కాలేజీ పిల్లలు ఎక్కాక పెద్ద సంచీకి ఆర్డినరీ బస్సులో చోటుండదు. ఉన్నా, అది ఇంకొకరు నిలబడాల్సిన చోటు.

బోర్డులు కన్నడంలో ఉంటాయని జంకక్కర్లేదు. తలకట్టు రూపం కాస్త మారుతుంది, అంతే. కుందాపుర, భట్కళ, హొన్నావర, కుమటా అని కూడబలుక్కుంటూ రెండో రోజుకు ఎవరైనా చదివేస్తారు. ఉడుపి దాటి భట్కళ వరకు ప్రైవేటు బస్సుల జోరు. కండక్టరు ఈల వేస్తూ, ఊరి పేరు రెండేసి సార్లు అరుస్తూ ఎక్కించుకుంటాడు. ఉత్తర కన్నడ జిల్లాలో అడుగుపెట్టాక వాయవ్య కర్ణాటక ఆర్టీసీ ఎర్ర బస్సులు ఎక్కువవుతాయి. 2023 జూన్‌లో మొదలైన శక్తి పథకం వల్ల వాటిలో ఆ రాష్ట్రపు ఆడవాళ్లకు ప్రయాణం ఉచితం. పక్కన కూర్చున్నామెకు సున్నా టికెట్టు, నాకు మామూలు టికెట్టు. తెలంగాణలో, ఆంధ్రలో ఇప్పుడు మనకూ ఇలాంటి టికెట్టు ఉందని ఆమెకు నా వచ్చీరాని కన్నడంలో చెప్పాను. మీ ఊళ్లో కూడా మగవాళ్లు సీటు లేదని సణుగుతారా అని అడిగింది.

కుందాపుర బస్టాండు దగ్గర హోటల్లో పొద్దున్నే కొట్టె కడుబు తిన్నాను. పనసాకుల్ని దొప్పలా కుట్టి, అందులో ఇడ్లీ పిండి పోసి ఆవిరి మీద ఉడికించేది. ఆకు ఒలుస్తుంటే ఈనెల గీతలు ఇడ్లీ ఒంటి మీద అచ్చు పడి కనిపించాయి. మన కోనసీమ పొట్టిక్కలే ఇవి. అటు సముద్రం ఒడ్డున ఒకటి, ఇటు సముద్రం ఒడ్డున ఒకటి, పనసచెట్టున్న చోట ఒకే ఆలోచన.

కుందాపుర దాటాక మరవంతె. బస్సులోంచి చూస్తే ఎడమ పక్క అలలు, కుడి పక్క సౌపర్ణిక నది, మధ్యలో మనం. బస్సు నిమిషాల్లో దాటేస్తుంది కాబట్టి ఇక్కడ దిగి తీరాలి. సముద్రం కోత కోయకుండా ఒడ్డున పెద్ద పెద్ద బండరాళ్లు పేర్చారు. వాటి మీద నిలబడి వెనక్కి తిరిగితే కొల్లూరు మూకాంబిక దగ్గర నుంచి వచ్చిన ఏరు, చప్పుడు లేకుండా. చెయ్యెత్తి రాయి విసిరితే సముద్రంలో పడేంత దగ్గరికొచ్చి కూడా సౌపర్ణిక అక్కడ కలవదు. వెనక్కి, దక్షిణానికి తిరిగి, గంగొళ్లి దాకా నడిచి, మిగతా ఏర్లతో కలిశాకే కడలిలోకి పోతుంది. నేను బస్సులు వదిలేస్తూ ఆ ఏటి గట్టున చాలాసేపు కూర్చున్నాను.

మురుడేశ్వర్ గురించి ఎక్కువ చెప్పను. 123 అడుగుల శివుడి విగ్రహం బస్సులోంచే కనిపిస్తుంది, జనమూ ఎక్కువే. హొన్నావర దగ్గర శరావతి మొగలో మడ అడవి మధ్య చెక్కల దారి వేశారు, దానికోసం ఒక పూట ఆగొచ్చు.

నా మాట విని ఎవరైనా ఒక్కచోటే దిగుతానంటే మటుకు, కుమటాలో దిగమంటాను. గోకర్ణం వెళ్లేవాళ్లంతా హైవే బస్సు పట్టుకుని మిర్జాన్ మీదుగా పోతారు. కుమటా నుంచి అఘనాశిని అనే పల్లెకు ఒక బస్సుంది. అది ఎక్కితే ఏటి గట్టున దింపుతుంది. అక్కడ నాటుపడవలాంటి చిన్న ఫెర్రీ ఎక్కితే అవతలి ఒడ్డు తదడి. అక్కడి నుంచి గోకర్ణానికి మళ్లీ బస్సు.

అఘనాశిని మీద ఆనకట్ట లేదు. కొండ మీది మట్టి, ఆకు, తీపినీరు అడ్డు లేకుండా మొగ దాకా వస్తాయి. ఆ నీటికీ పోటుకీ మధ్య బతికే జీవాలకు అది కడుపు నింపుతుంది. నేను వెళ్లిన వేళ పాటు. నీళ్లు వెనక్కి తగ్గి బురద బయటపడింది. మొల లోతు నీళ్లలో ఆడా మగా నిలబడి కాళ్లతో తడుముతూ ఆల్చిప్పలు ఏరుతున్నారు. తేలే బుట్ట ఒకటి నడుముకు కట్టుకున్న తాడుతో వెనకే వస్తోంది. ఒకావిడ ఒడ్డెక్కి బుట్ట వంచితే, గోధుమరంగు గుల్లలు, వాటి మీద సన్నటి వలయాలు. బరువు చూడమని నా దోసిట్లో పోసింది. ఇంత చిన్న చేతులతో ఏం ఏరతావు అని నవ్వింది. ఈ మొగ గట్లలోనే ఉప్పునీటిని తట్టుకునే కగ్గ వరి పండుతుంది. కాస్త అవతల సాణికట్టలో ఉప్పు మళ్లున్నాయి. ఒకే నీళ్లు, ఒక చోట చేప, ఒక చోట బియ్యం, ఒక చోట ఉప్పు. 2024 జనవరిలో ఈ మొగను రామ్‌సర్ చిత్తడి నేలల జాబితాలో చేర్చారు. తదడి దగ్గర పెద్ద రేవు కట్టాలన్న ఆలోచన ఏళ్లుగా ఉంది. కట్టకూడదనే నా కోరిక. కోరింగ మడ అడవుల్ని చూసినవాళ్లెవరికైనా ఎందుకో వేరే చెప్పక్కర్లేదు.

అంకోలా దారిలో గంగావళి నది. అక్కడి శిరూరు దగ్గర 2024 జులైలో వానకు కొండ విరిగి రహదారి మీద పడింది, ప్రాణాలు పోయాయి. బస్సు ఆ చోట నెమ్మదిస్తే లోపల మాటలు ఆగిపోయాయి. నాలుగు వరసల కోసం రోడ్డు పక్క కొండను నిట్టనిలువునా కోసిన చోట్లు ఈ దారి పొడవునా కనిపిస్తాయి. రోడ్డు వెడల్పయ్యేకొద్దీ బస్సు వేగం పెరిగింది, కొండకూ సముద్రానికీ మధ్య ఉన్న ఆ కాస్త నేల ఇంకా సన్నబడింది. అదే అంకోలా తాలూకాలో హాలక్కి తెగవాళ్ల పల్లెల్లో తులసి గౌడ బతికింది. చదువు లేకుండా అడవి మొక్కల గుట్టంతా తెలిసిన మనిషి, పద్మశ్రీ అందుకోవడానికి ఉత్త కాళ్లతో నడిచి వెళ్లిన మనిషి. 2024 డిసెంబరులో పోయింది. మెడ నిండా పూసల దండలతో హాలక్కి ఆడవాళ్లు కూరగాయల గంపలతో బస్సెక్కారు. కండక్టరు గంపలు అందుకుని లోపల సర్దాడు.

కార్వార్‌లో కాళీ నది. 2024 ఆగస్టులో పాత వంతెన ఒక రాత్రి కూలిపోయింది. దానికి ఆనుకునే ఉన్న రెండో వంతెన మీదుగా బస్సులు గోవా వైపు పోతున్నాయి. నేను అటు పోలేదు. ఇంటికి దారి హుబ్బళ్లి మీదుగా. రాత్రి బస్సుంది, తెల్లారేసరికి హుబ్బళ్లిలో ఉండొచ్చు అని కౌంటర్లో చెప్పారు. పొద్దున బస్సుకు యల్లాపుర దాకానే తీసుకున్నాను. ఆరబైలు ఘాట్ రోడ్డు చీకట్లో ఎక్కేది కాదు. పైగా కింద గంగావళి అని దాటిన నదినే పైన బేడ్తి అంటారు, యల్లాపుర దగ్గర మాగోడులో అది కొండ మీంచి దూకుతుంది. ఈసారి కుడి వైపు కిటికీ దొరికింది.